మరియా మోసిన నీళ్లు

ఒళ్లె ఇటుక పెట్టుకొని ఆటోల పోయే మనిషిని మేడ్చల్ల ఎవ్వరన్న ఎన్నడన్న చూసిండ్రో లేదో గాని, హజీరా మాత్రం గట్లనే కూసున్నది. ఇటుకను పాత తెల్లగుడ్డల చుట్టి, గుడ్డసంచిల పెట్టి, సంచిని రెండు చేతులతోని పొదివి పట్టుకున్నది. మధ్యాన్నం జొహర్ నమాజు ఇంట్ల చదువుకొని ఇల్లు దాటింది, ఇప్పుడు మూడున్నర కావస్తాంది, నాలుగున్నరకు అలియాబాద్ చౌరస్త కాడి ఫంక్షన్ హాలుకు దవాఖాన బండి వస్తది. ఆ ఫంక్షన్ హాలే ఇప్పుడు వరద క్యాంపు. బండి వచ్చి సాబెరాను ఎక్కించుకొని పట్నంల మనసు డాక్టర్ల కాడికి తీస్కపోతది. సాబెరా ఐదు రోజుల సంది నోట్ల నీళ్లు పోసుకుంటలేదు, సూదితోని ఎక్కించిన సెలైను మీదనే ఉన్నది, దాన్ని సుత రెండుసార్లు పీకేసుకున్నది. డాక్టర్లను తప్పు పట్టే పని లేదు, వాళ్ల పని వాళ్లు చేస్తున్నరు. కాని ఆ బండి కంటె ముందు హజీరా అక్కడ ఉండాలె. ఆ ఐదు రోజులకు కారణం ఎవరంటే హజీరానే, ఇందుల దాచుకునేదేం లేదు, దాచుకున్నందుకే కదా ఇంతదాక వచ్చింది.

సంచిల ఏమున్నది హజీరమ్మా, గంత బరువు మోస్తున్నవు అని ఆటో వెంకటనర్సయ్య అద్దంల చూస్కుంట అడిగిండు. ఇటుక అన్నది. ఒక్క ఇటుకతోని ఏం ఇల్లు కడ్తవమ్మా అని నవ్విండు. ఒకామెకు చూపియ్యాలె నర్సన్నా, జర జల్దీ పోనియ్యి అన్నది. ఆయన ఇంకేం అడగలేదు. హజీరా ఏం పని చేస్తదో మేడ్చల్ల అందరికి ఎరుకే. ముసల్మాన్ల ఇండ్లల్ల ఆడమనిషి కన్నుమూస్తే ఆఖరి స్నానం పోసేది ఆమెనే, గుసుల్ అంటరు దాన్ని. ఇరవై రెండేండ్ల సంది పోస్తాంది. పెండ్లిల కనపడితే పిల్లలు తల్లుల చాటుకు జరుగుతరు, పెద్దలు సలాం చెప్పి పక్కకు పోతరు, విందుల మాత్రం కూర నిండుగ వడ్డిస్తరు, భయమున్న కాడ మర్యాద ఎక్కువ. మొదట్ల బాధయ్యేది, ఇప్పుడు పట్టించుకోదు, తనను చూసి భయపడ్డోళ్లు రేపు తన చేతికిందికే వస్తరు, అప్పుడు భయం ఉండదు, చిన్నపిల్లల లెక్క చెయ్యి ఇస్తరు. చెయ్యి ఇయ్యి బిడ్డా, ఇగో, ఇటు తిరుగు, అయిపాయె అయిపాయె. గట్ల మాట్లాడుకుంటనే పొయ్యాలె అని అత్తమ్మ నేర్పింది. వాళ్లు ఇనరు అనుకోకు, నీ చెయ్యి ఇంటది గద అన్నది.

ముందట ఒక ట్రాలీ ఆటో పోతాంది, వెనక నిండ నీళ్ల క్యాన్లు, ఇరవై లీటర్లవి, నీలిరంగువి, గుంతలు వచ్చినప్పుడల్ల అన్ని ఒక్కసారి అటు ఊగి ఇటు ఊగుతున్నయి. చూడొద్దనుకుంటె చూపు అక్కడికే పోతాంది. నర్సన్నా, ఆ ట్రాలీని దాటరాదూ అందామనుకొని ఊకున్నది, ఎందుకు దాటాలె, దేన్ని దాటాలె, చూస్తే చూడని, ఇయ్యాల చూడనీకే కదా పోతాంది. సాబెరా బిడ్డ మరియా గసొంటి క్యానునే భుజం మీద పెట్టుకొని మెట్లెక్కింది. తొమ్మిది రోజుల కింద, పొద్దుగాల ఫజర్ నమాజు అయినంక. వాన రాత్రే ఆగిపోయింది, మబ్బులు విచ్చి ఎండ సుత వచ్చింది, ఇగ గండం గడిచిందని చెద్దర్లు ఆరేసుకుంటున్నరు బస్తీల, అప్పుడు తెగింది కుంట కట్ట. హజీరా అక్కడ ఎందుకున్నది అంటే ముందురోజు ఒక ముసలామెకు గుసుల్ ఇయ్యనీకె పోయి వానకు చిక్కి సాబెరా ఇంట్ల పన్నది. సాబెరా మొగుడు దుబాయిల ఉంటడు, ఇంట్ల తల్లి, బిడ్డ, ఇద్దరే. ఎర్రనీళ్లు గల్లీలకు తిరిగేటాళ్లకు అందరు అదే బస్తీల బుచ్చమ్మ ఇంటి మీదికి ఉరికిండ్రు. సగం కట్టిన ఇల్లు అది, పై అంతస్తుకు గోడలు లేవు, పరద కింద ఇటుకలు, ఇసుక. ముప్పై ఒక్క మంది ఎక్కినరు, అందుల పదకొండు మంది పిల్లలు. మరియాకు పదిహేడేండ్లు. ఒక క్యాను తెచ్చి దించింది, చున్నీ తోని మొఖం తుడుసుకొని, అమ్మీ, దుకాన్ల ఇంకొకటి ఉన్నది, తెస్త అన్నది. పోకు అని సాబెరా అన్నదా, హజీరా అన్నదా, ఎవ్వరన్న అన్నరా. హజీరాకు యాది లేదు. తొమ్మిది రోజుల సంది ఎతుకుతాంది ఆ ఒక్క మాట కొరకు, తను అన్నట్టు ఒకసారి యాదికొస్తది, మళ్ల లేదనిపిస్తది. దుకానం గోడ కూలింది. నీళ్లు నడుములోతే ఉన్నయి, గోడే చంపింది. మొగోళ్లు దిగి పిల్లను తెచ్చి పైన పండవెట్టిండ్రు.

నడుమల ఒక చౌరస్త కాడ ఆటో ఆగింది, పక్కన కూసున్న ఇద్దరు కాలేజి పిల్లలు దిగిండ్రు, పక్కన పెద్ద బోర్డు, కొత్త విల్లాలవి, నీలి ఈతకొలను బొమ్మ, అందుల ఒక పిల్ల నవ్వుకుంట నీళ్లు చిమ్ముతాంది. నీళ్లు, నీళ్లు, ఎక్కడ చూసిన నీళ్లే, ఆ రోజు సుత గంతే, కన్ను పోయినంత మేర నీళ్లే, కాని ముట్టేటియి కావు, డ్రైనేజీ కలిసింది, ఎగువన ఏదో కంపెనీ నాలా కలిసింది, రంగు మారింది, వాసన మారింది, వాసన మారిన నీళ్లు గుసుల్‌కు చెల్లవు. ఉన్నది ఒక్క క్యాను. అత్తమ్మ నేర్పిన లెక్కల, మూడుసార్లు పోస్తేనే గుసుల్, రేగాకులేసి కాగవెట్టిన నీళ్లు, ఆఖరికి కర్పూరం నీళ్లు. ఆ ఒక్క క్యాను మరియాకు చాలు, అచ్చంగ సరిపోతది. పిల్లలు అప్పటికే ఏడుస్తున్నరు దూప దూప అని. ఎప్పుడొస్తదో పడవ, ఎవ్వరు చెప్పగలరు. ట్రాక్టరు ఒక్కటి ఎట్లనో గట్టు మీద కబ్రస్తాన్ దిక్కు పోతాంది, మళ్ల రాను, పెడితే ఇప్పుడే పెట్టుండ్రి అని అరుస్తుండు డ్రైవరు. హజీరా క్యాను దిక్కు చూసింది, పిల్ల దిక్కు చూసింది. ఇరవై రెండేండ్లల్ల ఏ పోయిన మనిషి కాడ, ఏ మయ్యత్ కాడ సుత ఆమె చెయ్యి ఆగలేదు, ఆ రోజు ఆగింది. ఎంతసేపు, ఒక దమ్ము తీసినంత సేపు. నీళ్లు లేని కాడ మట్టితోని శుద్ధి చేయొచ్చు, తయమ్ముం అంటరు, బతికినోళ్లకు చెల్లుతది, పోయినోళ్లకు సుత చెల్లుతది, అత్తమ్మ చెప్పింది గాని ఎన్నడు చేసి చూపలేదు, అవసరం పడలేదు. పరద లేపి పొడి ఇటుక ఒకటి తీసింది, ఇటుక సుత మట్టే. బుచ్చమ్మ మొగుడు నారాయణ కొత్తగ కొనుక్కున్న తెల్ల ధోతి, మడత విప్పనిది, బుచ్చమ్మనే సంచిలకెళ్లి తీసి ఇచ్చింది, పిల్లకు చుట్టనీకె ఇది చెల్లుతదా అని అడిగింది. చెల్లుతది అక్కా, మస్తుగ చెల్లుతది అన్నది. ఆడోళ్లు చుట్టు చెద్దర్లు పట్టిండ్రు. లోపల హజీరా, పిల్ల, ఇటుక, గంతే. చెద్దర్ల అవతల క్యాను మూత తీసిన చప్పుడు, గ్లాసుల నీళ్లు పోసిన చప్పుడు, పిల్లలు గటగట తాగిన చప్పుడు. అందరితోని సాబెరా సుత తాగింది. ఎవరో గ్లాసు చేతిల పెడితే తాగింది, ఏం తాగుతున్నదో ఎరుక లేకుంటనే తాగింది.

అంతవరకు మంచిగనే ఉన్నది. చెద్దర్లు తీసినంక సాబెరా వచ్చి అడిగింది, ఆపా, నా బిడ్డకు నీళ్లు మంచిగ పోసినవా అని. అప్పుడన్న చెప్పాల్సింది. నోట్లకు వచ్చింది, నాలుక కొసకు వచ్చింది. పోసిన అన్నది. మూడుసార్లు పోసిన అన్నది, ఒక్కసారి అబద్ధం మొదలుపెడితే పూర్తిగ ఆడాలె కదా, రేగాకులేసి పోసిన అన్నది, రేగాకులు ఎక్కడియి ఆ బంగ్లమీద. మయ్యత్ కాడ చూసినదేది బయట చెప్పొద్దు అని అత్తమ్మ ఒట్టు వేయించుకున్నది, ఒంటి మీద మచ్చ గాని, గాయం గాని, ఏదైన గాని, అది అమానత్, నమ్మి అప్పజెప్పింది, అది మట్టిల కలవాలె. ఆ ఒట్టు చాటున దాక్కున్నది హజీరా. దాక్కునే దానికి అది మంచి చాటే, ఎవ్వరు తప్పు పట్టరు. నాలుగో రోజు క్యాంపుల బుచ్చమ్మ, పాపం ఆమెకేం ఎరుక, సాబెరాను ఓదార్చనీకె పక్కన కూసొని చెప్పింది, మీ హజీరా ఎంత గుండెగల్ల మనిషే, నీ బిడ్డకు పొయ్యాల్సిన నీళ్లను మన పిల్లగాండ్లకు తాపింది, లేకుంటె ఎన్ని పానాలు పోతుండెనో, నువ్వు సుత తాగితివి గద అని. మెచ్చుకోలుగనే చెప్పింది. సాబెరా చేతిల అప్పుడు చాయ గ్లాసు ఉండెనట. గ్లాసు కింద పెట్టింది, ఇగ మళ్ల ఏ గ్లాసు ముట్టలేదు.

ఫోను మోగింది. సృజన. క్యాంపుల మనసు సంగతి చూడనీకె ఏదో సంస్థకెళ్లి వచ్చిన పిల్ల, ఇరవై ఆరేండ్లు ఉంటయి, పిల్లలకు రంగుపెన్సిళ్లు ఇచ్చి బొమ్మలు గీపిస్తది, ఆడోళ్లను గుండ్రంగ కూసోవెట్టి దమ్ము తీయుడు విడుచుడు నేర్పిస్తది. మొదట్ల హజీరాకు నవ్వు వచ్చింది, దమ్ము తీయుడు సుత నేర్పాల్నా అని. తరువాత చూస్తే ఆ పిల్ల రాత్రింబగళ్లు అక్కడనే ఉంటాంది, నమాజుకు జాగ కావాలంటె తానే ఊడ్చి చాపలు పరిచింది, ఆడోళ్లకు అడ్డంగ పరద కట్టింది. నిన్న ఆమెనే ఫోను చేసి, అక్కా, ఆమె రోజంత నీళ్లు, గుసుల్ అంటున్నరు, ఇది నా చదువుకు అందేది కాదు, మీకు అందుతది, ఒక్కసారి రారా అన్నది. చదువుకున్న పిల్ల నోట్ల గా మాట వచ్చుడు చిన్న సంగతి కాదు. ఇప్పుడు ఫోన్ల, అక్కా, బండి కొంచెం ముందే వస్తున్నదట, మీరు ఎక్కడున్నరు అన్నది. వస్తున్న బిడ్డా, ఆపు, ఏం చెప్తవో చెప్పు, ఆపు అన్నది హజీరా. వెంకటనర్సయ్య అద్దంల చూసి గేరు మార్చి, ఆ క్యాన్ల ట్రాలీని దాటేసిండు.

దాటినంక క్యాన్లు వెనకకు పోయినయి, ముందట రోడ్డు, రెండు దిక్కుల ప్లాట్ల రాళ్లు, మక్క చేన్లు, మళ్ల ప్లాట్ల రాళ్లు. హజీరా వేళ్లు సంచి మీదికెళ్లే ఇటుక అంచును తడుముతున్నయి. తొమ్మిది రోజులల్ల ఆమె సుత సక్కగ పండుకోలేదు, ఆ సంగతి ఎవ్వరికి చెప్పలేదు, స్నానం పోసేదానికి బాధేందని అంటరు. చేతులు కడిగిందే కడుగుతాంది, కోడలు సబ్బు దాచిపెట్టింది. మొన్న జుమ్మా అయినంక మసీదు గేటు కాడ జలాల్ మౌల్వీసాబును ఆపి అడిగింది, ముసుగు తియ్యకుంటనే. నేను చేసింది చెల్లిందా సాబ్, లేకుంటె ఆ పిల్ల అపవిత్రంగనే పోయిందా. మౌల్వీసాబు అన్నడు, దూపతోని ఉన్న పానం ముందు, ఆ నీళ్లు వాళ్లయే, నీ తయమ్ముం చెల్లింది, నీటిల పోయినోళ్లకు, గోడ కిందవడి పోయినోళ్లకు అల్లా కాడ షహీదుల దర్జా, అమరుల గౌరవం ఉన్నది, ఆ బిడ్డ గురించి నువ్వు పరేషాన్ గాకు. హజీరా ఊపిరి పీల్చుకున్నది. ఆయన ఊకోలేదు. మట్టి తప్పు గాదు హజీరా బీ, అబద్ధం తప్పు అన్నడు. నేను వచ్చి సాబెరాకు ధర్మం ఏం చెప్తదో ఆ మసలా చెప్తనంటె చెప్పొచ్చు, మౌల్వీ చెప్పిండని తల ఊపుతది, కాని ఆ బిడ్డను ముట్టింది నీ చేతులు, నావి గావు. కోపమొచ్చింది అప్పుడు. ఇంటిదాక ఆయనను తిట్టుకుంటనే పోయింది, ఈయనకేం, మసీదుల కూసొని ఎన్నన్న చెప్తడు అని. ఇంటికి పోయి మళ్ల చేతులు కడుగబోతే సబ్బు లేదు. అక్కడనే నల్ల కాడ కూసొని ఏడ్చింది, మరియా పోయినంక మొదటిసారి ఏడ్చింది. ఏడ్చినంక మనసుల ఒకటే మిగిలింది. పోవాలె. బుచ్చమ్మ ఇంటికి పోయి అదే ఇటుక ఎతుక్కొని తెచ్చుకోవాలె, ఎతుకుడు ఎంతసేపు, పరద కింద పెట్టిన కాడనే ఉన్నది, ఎవ్వరు ముట్టలేదు. తీస్కపోయి చూపియ్యాలె. ఉమ్మితే ఉమ్మనీ, కొడితే కొట్టనీ, తల్లి చెయ్యే కదా.

ఫంక్షన్ హాలు ముందట తెల్లబండి అప్పటికే ఉన్నది. డోరు దగ్గర సృజన నిలబడి డ్రైవరుతోని ఏదో మాట్లాడుతాంది, హజీరాను చూసి పది నిమిషాలు అన్నట్టు చేతివేళ్లు చూపింది. హజీరా లోపలికి పోతాంటె పందిరికింది మాటలు ఆగిపోయినయి, ఒక ముసలామె చేతిల జపం చేసే తస్బీ జారింది, ఎవరు పోయిండ్రు, ఎవరు పోయిండ్రు అని ఒకరి చెవిల ఒకరు గుసగుస. ఎవ్వరు పోలేదు, ఎవ్వరు పోరు సుత అన్నది హజీరా గట్టిగనే, నడుస్తనే. పెండ్లిపిల్లలు కూసునే స్టేజీ మీద, గోడ వారగ, చాప మీద సాబెరా కూసొని ఉన్నది. పెదాలు తెల్లగ పగిలినయి. చేతికి సూది పట్టీ. ఐదు రోజులల్ల మనిషి సగమైంది. హజీరాను చూసి మొఖం గోడ దిక్కు తిప్పుకున్నది.

హజీరా ముందట కూసున్నది. సంచిలకెళ్లి ఇటుక తీసి ఇద్దరి నడుమ పెట్టింది. అనుకున్న మాటలన్ని పోయినయి, మేడ్చల్‌కెళ్లి ఇక్కడిదాక కూర్చుకున్నయి ఒక్కటి లేదు.

"నీళ్లు పొయ్యలేదు సాబెరా. నీకు అబద్ధం చెప్పిన. గీ ఇటుకతోని చేసిన."

సాబెరా కదలలేదు. అటు తిరిగే, ఎండిన గొంతుతోని అడిగింది. "ఏ చేతికి మెహందీ ఉండె?"

పరీక్ష వెడుతాంది. ఒకసారి అబద్ధమాడిన నోరు, పెట్టాల్సిందే. హజీరా కండ్లు మూసుకున్నది, చెద్దర్ల లోపలికి పోయింది, ఆ పిల్ల పక్కన కూసున్నది. "ఎడమ చేతికి. సగమే. అరచేతిల పూలు గీసింది, వేళ్లకు గీయలేదు. బొటనవేలు కాడ చెరిగిపోయింది."

"ఫోన్ల చూసి నేర్చుకునేది" అన్నది సాబెరా. ఇటు తిరిగింది. "నేను దాని నీళ్లు తాగిన ఆపా. నా బిడ్డ ఆఖరి నీళ్లు నేను తాగిన."

"దాని నీళ్లే. అదే మోసుకొచ్చింది. ఎందుకు తెచ్చింది చెప్పు, స్నానానికా? నువ్వు తాగాలనే తెచ్చింది, రెండోదానికి పోయింది సుత గందుకే." హజీరా ఇటుకను ఇంక దగ్గరికి జరిపింది. "చేతులియ్యి. ఎట్ల చేసిన్నో చూపిస్త. నీ బిడ్డకు ఏది చేసిన్నో అదే, ఒక్కటి తక్కువ లేకుంట."

సాబెరా చేతులియ్యలేదు. ఇయ్యకపోతే ఇయ్యకపోనీ, హజీరా తన రెండు అరచేతులను ఇటుక మీద ఆనించింది, దులిపింది, మెల్లగ సాబెరా మొఖం మీద పెట్టింది. నొసలు, కండ్లు, చెంపలు, గదుమ. సాబెరా కండ్లు మూసుకున్నది, వెనకకు జరగలేదు. మళ్ల ఇటుక. ఇప్పుడు సాబెరా చేతులు తనంతట తనే చాపింది. కుడిచెయ్యి వేళ్లకెళ్లి మోచేతి దాక, ఎడమచెయ్యి వేళ్లకెళ్లి మోచేతి దాక, సూది పట్టీని తప్పించుకొని, వేళ్ల సందులల్ల వేళ్లు పెట్టి. ఇగో, ఇటు తిరుగు బిడ్డా, అయిపాయె అయిపాయె. ఎవరితోని అంటున్నదో హజీరాకే తెల్వదు.

"గిట్లనే మాట్లాడినవా దానితోని?"

"గిట్లనే."

సాబెరా ఏడ్వడం మొదలుపెట్టింది. నోరు తెరిచి, చప్పుడు లేకుంట, తరువాత చప్పుడుతోని. హజీరా ఆపలేదు. మెట్ల కింద సృజన వచ్చి నిలబడ్డది, ఆమె సుత ఆపలేదు. బయట బండి హారన్ కొట్టింది. దవాఖానకు పోతే పోదాం, ఇద్దరం పోదాం, నేను సుత ఎక్కుత, అక్కడ మందులిస్తే తీసుకుందాం అన్నది హజీరా ఆమె వీపు నిమురుకుంట. అప్పుడే ఎక్కడో చౌరస్త దిక్కుకెళ్లి సాయంత్రం అసర్ నమాజుకు అజాన్ ఇనవడ్డది. సాబెరా ఎర్రమట్టి అంటిన తన చేతులను చూసుకున్నది.

"వుజూ లేదు నాకు. ఐదు రోజుల సంది నమాజు లేదు. ఇదుంది గద, దీంతోనే చదువుకుంట" అన్నది.

"చెల్లదు." హజీరా గొంతు ఇప్పుడు ఇరవై రెండేండ్ల సంది గుసుల్ ఇచ్చేటామె గొంతు. "నీళ్లు లేని కాడ మట్టి. నీళ్లున్న కాడ నీళ్లే. ఇక్కడ నీళ్లున్నయి. లే సాబెరా."

సృజన అడగకముందే లోటా నింపుకొచ్చింది, కింద ఒక తట్ట పెట్టింది. నమాజుకు ముందు కడుక్కునే వుజూ మొదలైంది, హజీరా పోసింది, సాబెరా మూడుసార్లు చేతులు కడుక్కున్నది, ఎర్రనీళ్లు తట్టల పడ్డయి. తరువాత పుక్కిలించాలె, మూడుసార్లు. మొదటి పుక్కిలి నోట్ల పోసుకున్నది. బుగ్గలు నిండినయి. ఆపింది. హజీరా తట్టను దగ్గరికి జరిపింది. సాబెరా ఉమ్మలేదు. గొంతు ఒకసారి కిందికి మీదికి కదిలింది. రెండోది సుత ఉమ్మలేదు. మూడోదానికి హజీరా లోటాను ఆమె చేతికే ఇచ్చింది.